ఆల్డర్‌మియర్ వారి ఇల్లటపు అల్లుడు

మీ తాతను కన్న తండ్రి పేరు చెప్పగలరా? ఇంకొక మెట్టు పైకెక్కి, ఆయన తండ్రి పేరు? తడుముకుంటున్నారు కదూ! ఆళ్ళగడ్డలో నన్ను ఈ ప్రశ్నతో నిలబెట్టినాయన, మా పక్కింటి చరిత్ర సారు, పోయిన వారం ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సమాధి దగ్గర కూడా ఆయన మాటలు తలుచుకుని నవ్వినవాళ్ళున్నారు. ఆయనకు తగిన వీడ్కోలు అదే. నేనూ నవ్వుతూనే రాస్తాను.

నేను బడి ముఖం ఎక్కువ చూసినవాణ్ణి కాను. సంచిలో లేఖనం, గొంతులో నిప్పు, ఇవే నా ఆస్తి. సంతలో నిలబడి వాక్యం ప్రకటిస్తుంటే సారు వినేవారు. ఒకరోజు పక్కకు పిలిచి, "గొంతు బాగుందప్పా. మరి వంశావళులొస్తే ఎందుకు ఎగరగొడతాండావ్? దేవుడు పనిలేక రాయించినాడా ఆ పేర్లు?" అన్నారు. ఆ రోజు నుంచి నేను ఆయన అరుగు వదల్లేదు.

సారుది నంద్యాల. డెబ్బైల మొదట్లో అక్కడి బడిలో ఆయనతో పనిచేసిన ఇంగ్లండు టీచరమ్మ ఒకామె, స్వదేశం వెళ్ళిపోతూ తన జిల్లా చరిత్ర పుస్తకం ఆయనకిచ్చింది. అందులో ఏడెనిమిది వందల ఏళ్ళ నాటి భూస్వాముల కుటుంబం ఒకటుంది. ఆల్డర్‌మియర్ వారు. వాళ్ళ సంగతులు పుస్తకంలో అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క. ఎవరికి ఎవరు పుట్టారో ఏరి ఏరి, సారు పశువుల కొట్టం గోడ మీద బొగ్గుముక్కతో వంశవృక్షం గీసేవారు. ఏటా క్రిస్మసు ముందు ఆయన భార్య, మేమంతా అక్కా అని పిలిచే ఆమె, సున్నం కొట్టి దొరలందర్నీ తుడిచిపెట్టేది. కొత్త సంవత్సరంలో సారు మళ్ళీ మొదటి దొర నుంచి ఎత్తుకునేవారు.

"మొదటాయనకు రాజు రెండూళ్ళిచ్చినాడు. కొడుకు మహా మొండోడు. మఠం సన్యాసులతో వాగు నీళ్ళ కోసం కొట్లాట" అని సారు చెబుతుంటే, టీ అంగడాయన, "మన కాలవ కాడ కొట్లాట మాదిరే ఉందే సారూ! గొడ్డండ్లు ఎత్తినారా?" అని మధ్యలో అందుకునేవాడు.

నాలుగో దొర దగ్గర గోడ మీద బండి ఆగిపోయింది. ఆయనకు కొడుకుల్లేరు, కూతురొక్కతే. అయినా తరువాతి తరంలో అదే భూమిని, అదే ఇంటి పేరుతో ఒకాయన ఏలుతున్నాడు. ఆయన ఎవరి కొడుకు? సారు నెలల తరబడి తల పట్టుకుని, చివరికి అది అచ్చుతప్పని తేల్చేశారు. "రాసినోడు కండ్లు మూసుకొని రాసినాడు. వంశం ఈడికి సరి" అని అడ్డంగా గీత కొట్టారు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. సారు ఆళ్ళగడ్డకు ఇల్లటం వచ్చిన అల్లుడు. అత్తవారింట ఉండి వాళ్ళ పొలం చూసుకోవాలి, కొడుకు పుడితే మామగారి ఇంటి పేరే పెట్టాలి, అదీ ఒప్పందం. అట్లే పెట్టారు. నంద్యాలలో ఉన్న సారు తండ్రి మిగతా కొడుకులిద్దరికీ ఆడపిల్లలే. ఉన్న ఒక్క మనవడూ వేరే ఇంటి పేరు మోస్తున్నాడని ముసలాయన అలిగి, ఆళ్ళగడ్డ గడప తొక్కనన్నాడు. మనవడు బడికి పోయే ఈడొచ్చినా ముఖం చూడలేదు. సారు కూడా పౌరుషంతో నంద్యాల పోవడం మానుకున్నారు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, దొరల కథలోకి దూరిపోయేవారు.

ఆ క్రిస్మసు ముందు అక్క సున్నం బకెట్టుతో వచ్చి, గోడ మీది కొట్టివేత చూసి, నడుముకు చేయి పెట్టింది.

"ఏందయ్యా, వంశం ఆగిపోయిందా? కూతురుందంటివే! తర్వాత ఏలిన ఆ యప్ప ఇల్లటం వచ్చింటాడు, నీ మాదిరి!"

నాకు వెంటనే ఒక వంశావళి గుర్తొచ్చింది. సంచిలోంచి లేఖనం తీశాను. పరదేశపు చెర నుంచి తిరిగొచ్చిన యాజకుల, అంటే గుడి పూజారుల, పేర్లలో ఒక ఇంటి మూలపురుషుడు భార్య పుట్టింటి పేరుతోనే పిలవబడ్డాడు. తరువాత అతని సంతతివారు వంశావళిలో తమ పేర్లు వెతుక్కున్నారు. సారు ఆ భాగం రెండుసార్లు చదివించుకున్నారు.

"వెతుక్కుంటే దొరకలేదా?" అన్నారు.

"దొరకలేదు సారూ. యాజకత్వమే పోయింది."

సారు గోడ వైపు తిరిగారు. ఉన్నట్టుండి పకపకా నవ్వారు. "ఇంగ్లండంతా వెతికితినే, అద్దంలో చూసుకోలేదే! సున్నం ఆపు. ఈ గోడ ఇట్లే ఉండనీ."

మరునాడే సారు, ఆయన కొడుకు, నేను నంద్యాల బస్సెక్కాం. ముసలాయన అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నాడు. సారును చూడనట్టే, "ఎవరి పిల్లోడప్పా వీడు?" అని నన్నడిగాడు. "నీ మనవడే పెద్దాయనా" అన్నాను. సారు నిలబడే ఆల్డర్‌మియర్ వారి కథ మొదలుపెట్టారు. రాజు, రెండూళ్ళు, సన్యాసులు, కూతురు, అల్లుడు. ముసలాయన చేతులు మెల్లగా ఆగాయి.

"ఆ ఇల్లటపు దొర కన్న నాయన్ని చూడనీకి పోతాండెనా లేదా?"

"అది పుస్తకంలో రాయలేదు నాయనా."

"అది రాయకుండా ఏందిరా వాడు రాసింది?"

"అందుకే నేనొచ్చినా."

ముసలాయన గుప్పెడు గింజలు మనవడి జేబులో పోసి, వాడి గడ్డం పట్టి పైకెత్తి చూశాడు. "ఇంటి పేరు ఏదైతే ఏంలే, ముక్కు నాదే" అన్నాడు.

ఆ క్రిస్మసుకు ఆయన ఆళ్ళగడ్డ గడప తొక్కాడు. కొట్టం ముందర కుర్చీ వేయించుకుని, తన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెబుతుంటే, సారు దొరల పక్కనే రాశారు. మరోవైపు అక్క వాళ్ళ పెద్దల పేర్లు. రెండు కొమ్మలూ కిందికి దిగి పిల్లవాడి పేరు దగ్గర కలిశాయి. మరుసటి ఏడు ముసలాయన పోయాడు. ఆ ముత్తాత పేరు తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. గోడ మీద మాత్రం ఉంది. సారు ఏటా బొగ్గుతో దిద్దుతూ వచ్చారు.

ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక కోసం నిన్న అక్క ఇల్లంతా సున్నం కొట్టించింది. కొట్టం దగ్గరికి రాగానే పనివాళ్ళను ఆపింది. "అది తాకొద్దండప్పా." వాళ్ళు పక్కకు జరిగాక, సారు పేరు దగ్గర చెదిరిన రెండక్షరాలను తానే బొగ్గుముక్కతో దిద్దింది. తెల్లటి ఇంటి నడుమ ఆ ఒక్క గోడే ఏళ్ళుగా సున్నం లేక మట్టి రంగుకు తిరిగి, పేర్లతో నిండి ఉంది.

చదువుతున్నవాడా, నీ మీద అలిగి కూర్చున్న పెద్దదిక్కు ఎక్కడో ఒకచోట ఉంది కదా? పోయి ఆ మనిషి ముందు నిలబడు. ఏ కథైనా మొదలుపెట్టు. పేర్లడుగు. ఆదివారం చూద్దాంలే అనకు, పండగకు పోదాంలే అనకు. పత్రిక మడిచి పక్కన పెట్టు. నంద్యాల బస్సు ఇంకా కదల్లేదు. లే, ఇప్పుడే ఎక్కు!