గోలీల లైన్లో మా కోర్టు చాచా

మా కోర్టు చాచా పోయిండు. కిందటి వారం పొద్దున వకీళ్ల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు వచ్చింది. కరీంనగర్‌లో బిడ్డ ఇంట్లో, నిద్రలోనే పోయిండట. కింద నలుగురైదుగురు దండాల బొమ్మలు పెట్టిన్రు. తర్వాత ఒకాయన రాసిండు: "ఏ చాచా? గోలీల చాచానా?" దానికి ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టిన్రు.

ఫోన్ బోర్లా పెట్టిన. ఆ పేరు ఆయనకు ఎట్ల వచ్చిందో నాకు తెలుసు. అందులో నా చెయ్యి ఉంది.

ఆయన ఆదిలాబాద్ కోర్టులో అటెండర్. తెల్ల బట్టలు, భుజం మీంచి ఎర్ర పట్టీ, దానికి ఇత్తడి బిళ్ల. తలుపు దగ్గర నిలబడి ముద్దాయిల పేర్లు పిలవడం ఆయన పని. మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ మనిషి రాకపోతే వారంట్ పడుతుంది. చాచా మొదటి పిలుపు తలుపు దగ్గర, రెండోది వరండాలో పిలిచేటోడు. మూడోదానికి మెట్లు దిగి, చాయ్ బండి దాటి, గేటు దాకా పోయేటోడు. అంతకన్నా ముందే ఒక్కొక్కరి దగ్గరికి పోయి "ఇంట్ల నిన్నేమని పిలుస్తరు?" అని అడిగి పెట్టుకునేటోడు. చార్జిషీటులో రాసిన పేరు తనదేనని సగం మందికి తెలియదు మరి. మరాఠీ ఇంటి మనిషయితే ఆ యాసలోనే పిలిచేటోడు.

జమ్మికుంట నుంచి కొత్తగా వచ్చి, ఉచిత న్యాయసహాయం కింద కేసులు చూస్తున్న నాకు అదంతా సాగదీతగా కనిపించేది. ఒకరోజు అననే అన్న. నవ్విండు.

"పేరుకు కాళ్లుండవు బిడ్డా. అది పోయి మనిషిని పట్టుకొచ్చేటాల్లకు జర టైం పడ్తది."

ఆ ఏడాదే ఒక హమాలీని తీసుకొచ్చిన్రు. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్లు మోసే మనిషి, నలభై దాటినయి. నడుము నొప్పికని మందుల దుకాణమాయన డాక్టరు చీటీ లేకుండానే గోలీలు అలవాటు చేసిండు. మొదట్లో నొప్పి పోవడానికి మింగిండు. తర్వాత తర్వాత, గోలీ లేకపోతే వచ్చే నొప్పి పోవడానికి మింగిండు. చివరికి మిల్లులో ఇనుప సామాను ఎత్తుకపోయి అమ్ముతుంటే దొరికిండు. బోనులో వణుకుతున్నడు, ముక్కు కారుతున్నది. "యాక్టింగ్ సార్" అని పక్కనున్న కానిస్టేబుల్ నవ్విండు. నేను ఫైలు తిరగేస్తున్న. చాచా నా వెనక నిలబడి మెల్లగ అన్నడు: "వకీలమ్మా, ఫైల్ కాదు, మనిషిని చూడు. గీయన బీమార్ ఉన్నడు. జడ్జిసాబ్‌కు చెప్పు."

చెప్పిన. రోజూ జిల్లా దవాఖానకు పోయి ఆ అలవాటు మాన్పించే మందు తీసుకోవాలన్న షరతుతో బెయిల్ వచ్చింది. దవాఖాన వెనక గదిలో ఒక కిటికీ ఉంటుంది. అక్కడ నర్సు గోలీని నాలుక కింద పెట్టిస్తది. అది కరిగేదాకా ఎదురుగా కూర్చోవాలి. నోరు తెరిచి చూపిస్తేనే పోనిస్తది. కిటికీ తెరిచేది పదింటికి, కోర్టు మొదలయ్యేది పదిన్నరకు. ఊరి నుంచి మొదటి బస్సు దిగి వచ్చేసరికి లైను గోడ మలుపు దాటి ఉంటది. మరి వాయిదా రోజున మనిషి ఎక్కడ ఉండాలి?

ఆ సంగతి చాచాకు నాకన్నా ముందే తట్టింది. అసొంటి వాళ్ల ఫైళ్లు కట్ట అడుగున పెట్టమని క్లర్కుకు చెప్పిండు. మూడో పిలుపు గేటు దాకా ఎట్లాగూ పోతది. అట్ల ఐదారుగురు నెట్టుకొచ్చిన్రు. హమాలీ మళ్లీ మిల్లుకు పోతున్నడు. అన్నం తింటున్నడు.

అప్పుడు నేను ఒక కాగితం రాసిన.

యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని కదా. ఇంతమంది బతుకు ఒక్క అటెండరు మంచితనం మీద నడవడమేంది, ఉత్తర్వు ఉండాలె అనుకున్న. ఫైళ్లు అడుగున పెట్టడం, గేటు దగ్గర పిలవడం, అన్నీ వివరంగా, పొగుడుతూ, రెండు పేజీలు రాసి పైకి పంపిన. ఉత్తర్వు రాలే. చాచాకు మెమో వచ్చింది. కోర్టు పని ఆలస్యం చేస్తున్నడట. ఇకమీద మూడు పిలుపులూ తలుపు దగ్గరే, వెంటవెంటనే పిలవాలట.

తర్వాతి వాయిదాకు హమాలీ పేరు చాచా నోటితోనే పిలిపించిన్రు. ఒక నిమిషంలో మూడుసార్లు. మూడోసారి గేటు దిక్కు చూసుకుంట పిలిచిండు. ఆ పేరున్న మనిషి అప్పుడు దవాఖానలో, నాలుక కింద గోలీ పెట్టుకొని కూర్చున్నడు. దవాఖానకు పొమ్మన్నది కోర్టే. పోయినందుకు పట్టుకు రమ్మన్నదీ కోర్టే. ఆ వారంట్ కాగితం చేతిలో పట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలనిపించింది.

ఎనిమిది రోజులు మందు లేకుండా జైల్లో ఉన్నడు. వాంతులు, విరేచనాలు. నేను బయటికి తెచ్చిన రోజు అతను దవాఖానకు పోలే, మందుల దుకాణానికి పోయిండు. దుకాణమాయన "ఏమన్నా, కానొస్తలేవు?" అని చుట్టపోణ్ణి పలకరించినట్టు పలకరించిండు.

"నా వల్లనే చాచా" అన్న.

"కాగితం మంచిగనే రాసినవ్. చదివినోడే మంచిగ చదవలే. ఫికర్ చెయ్యకు."

హమాలీ ఇంటికి రెండుసార్లు పోయి, బతిమాలి మళ్లీ కిటికీ దగ్గరికి తెచ్చింది చాచానే. ఆ తర్వాత, ఎవరికి వాయిదా ఉన్నా, ఆ పొద్దున ఎనిమిదింటికే దవాఖాన లైన్లో ముందు నిలబడేటోడు. ఎర్ర పట్టీ తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకునేటోడు. బస్సు దిగి మనిషి ఉరుక్కుంట రాగానే తన జాగ ఇచ్చి, సైకిలెక్కి పదింటికల్లా కోర్టులో ఉండేటోడు.

"పట్టీతోనే నిలబడరాదు చాచా? వాళ్లే ముందుకు పంపుతరు."

"గప్పుడది లైన్ కాదు బిడ్డా, జబర్దస్తీ అయితది."

రిటైరై బిడ్డ దగ్గరికి పోయేదాకా రెండేండ్లు, పట్టీ లేకుండా అక్కడ నిలబడ్డ మనిషిని ఊరు ఏమనుకుంటది? వకీళ్ల గదిలో నవ్వులు మొదలైనయి.

"ఏం చాచా, ఇయ్యాల ఎన్ని మింగినవ్?"

"మీరొస్తే మీకు సుత జాగ పడ్త సాబ్" అనేటోడు చాచా, చాయ్ గ్లాసులు సర్దుకుంట.

ఆ గదిలో నేనున్న. ఒక్క మాట చెప్తే అయిపోయేది. చెప్పలే. మళ్లీ నోరు తెరిస్తే ఇంకో మెమో వస్తదని భయం అనుకున్న. అది భయమేనా, గోలీగాళ్ల వకీలు అని నన్నూ అంటరనా? ఇప్పటికీ తేల్చుకోలేకున్న.

కరీంనగర్ పోయేసరికి చాచాను మట్టి చెయ్యడం అయిపోయింది. ఆయన బిడ్డ పక్కన కూర్చున్న. "మా అత్తగారోళ్లు సుత అడిగిన్రు మేడం, మీ అబ్బా గోలీలు తింటడట కదా అని. అబ్బాను అడిగితే, లైన్ల నిలబడ్డది నిజమే కదా అన్నడు. గంతే" అన్నది. మళ్లీ, "పిల్లలను అన్నానికి పిలిచినా గంతే మేడం. మూడోసారికి పక్కింటి దాకా పోయి పిలుస్తుండె" అని ఏడ్చింది.

తర్వాతి రోజు కోర్టులో సంతాప సభ. రెండు నిమిషాల మౌనం ఒక నిమిషం కూడా సాగలే. ఆనాడు మెమో మీద సంతకం పెట్టినాయనే లేచి చాచా క్రమశిక్షణ గురించి మాట్లాడిండు. వెనక బెంచీలో ఎవరో "గోలీల..." అని కిసుక్కుమన్నరు. లేచిన. "ఆయన ఒక్క గోలీ కూడా మింగలే. వాళ్ల కోసం జాగ పట్టిండు, అంతే" అని గట్టిగా చెప్పిన. కొందరు తలలు వంచుకున్నరు, కొందరు గడియారం చూసుకున్నరు.

కూర్చున్నంక నా మాట నాకే రోత పుట్టించింది. మింగినోళ్లు తక్కువవాళ్లన్నట్టు చెప్పిన కదా! చాచా ఆ మాట ఒక్కనాడూ అనలే. బిడ్డ అడిగినా అనలే. నేను వాళ్లలాంటోణ్ణి కాదు అని చెప్పుకుంటే, ఆ లైన్లో ఉన్నవాళ్లు ఏమైతరో ఆయనకు ఎరుక. నాకు ఇన్నేండ్లకు తెలిసింది, అదీ తప్పు మాట్లాడినంక.

మరునాడు ఎనిమిదింటికి దవాఖాన వెనక్కి పోయిన. ఎందుకు పోయిన్నో చెప్పలేను. కిటికీ ఇంకా తెరవలే. లైన్లో అందరికన్నా ముందు హమాలీ ఉన్నడు. అతని కేసు నిరుడే కొట్టేసిన్రు.

"ఇంత పొద్దున వచ్చినవ్? ఇయ్యాల వాయిదా కూడ లేదు కదా?"

"నాకు లేదు మేడం. బేల మండలం దిక్కు నుంచి ఒకామె రావాలె. ఆమెకున్నది. బస్సు ఇంకా రాలే."

తలకు చుట్టుకునే తువ్వాల నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నడు. ఒక చెయ్యి కిటికీ ఊచ మీద వేసి, మెడ తిప్పి, రోడ్డు దిక్కు చూస్తున్నడు.