ఆరు గంటలు కాకుండానే ఉపవాసం విడిచిన సుగుణ ఆంటీ

నిన్న ఉదయం ఆఫీసుకు వెళ్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బస్సులో ఉన్నాను. మా పాత హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక మెసేజ్.

సుగుణ ఆంటీ ఇక లేరు.

రెండోసారి చదివాను. ఇంకెవరి గురించో అయి ఉంటుందనుకున్నాను. వెంటనే కింద ఆవిడ ఫోటో వచ్చింది.

దిగాల్సిన స్టాప్ ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

ఆంటీ మీలో చాలామందికి తెలియదు. అమీర్‌పేటలో నేను సాఫ్ట్‌వేర్ కోర్సు చేసిన రోజుల్లో మా లేడీస్ హాస్టల్‌లో వంట చేసేవారు. అరవై మంది అమ్మాయిలం. పేర్లు మర్చిపోయినా ఎవరికి కారం పడదో మాత్రం మర్చిపోయేవారు కాదు.

శుక్రవారం ఆవిడకు ప్రభువు పేర ఉపవాసం. సాయంత్రం ఆరు దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరు. మాకేమో శుక్రవారం మధ్యాహ్నం బగారా అన్నం! ఆ వాసన మధ్యలోనే నిలబడి వండేవారు. ఉప్పు చూడటానికి మాలో ఒకరిని పిలిచేవారు. ఎక్కువసార్లు నన్నే.

అప్పటికి నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి నాకు. ఐదోది వచ్చే వారం. చిన్నప్పటి నుంచి చర్చికి వెళ్లేదాన్నే కాబట్టి, నేనూ ఉపవాసం మొదలుపెట్టాను. మూడు రోజులు, నీళ్లు కూడా లేకుండా. ఎవరికీ చెప్పలేదు.

రెండో రోజు మెట్రో స్టేషన్ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయాను.

రూమ్మేట్ ఆటోలో హాస్టల్‌కు తీసుకొచ్చింది. ఆంటీ గంజిలో ఉప్పు కలిపి తెచ్చి నా మంచం మీద కూర్చున్నారు. ఎందుకిలా చేశావని అడిగారు. ఉద్యోగం ఇస్తేనే తింటానని దేవుడికి చెప్పాను ఆంటీ అన్నాను.

ఆవిడ నవ్వలేదు. తిట్టలేదు.

"గది ఉపాసం కాదు బిడ్డా, ధర్నా. ఆయన మన నాయన. సొంత నాయన ఇంటి ముంగట ఎవరన్న ధర్నాకు కూసుంటరా?"

ఏడుపొచ్చింది. దాని వెనకే నవ్వొచ్చింది. గంజి మొత్తం తాగేశాను.

ఐదో ఇంటర్వ్యూ కూడా పోయింది. నిజం చెప్పాలి కదా. బేగంపేటలో ఈ ఉద్యోగం వచ్చింది ఇంకో మూడు నెలలకు.

కానీ ఆ తర్వాత నుంచి శుక్రవారాలు వంటయ్యాక ఆంటీతో కలిసి ప్రార్థనకు కూర్చునేదాన్ని. వంటగది పక్కన బియ్యం బస్తాలు పెట్టే గది ఉండేది. అక్కడే చాప వేసుకునేవాళ్లం. ఆకలేసినప్పుడల్లా ఆయనతో ఒక మాట మాట్లాడు, ఏమీ అడక్కపోయినా పర్వాలేదు అనేవారు.

ఆవిడ ప్రతి వారం ఒక పేరు తప్పకుండా చెప్పేవారు. సొంత అక్క, యాదమ్మ గారు. ఉండేది బల్కంపేటలో. మా హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఆంటీ కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఏడాది అక్క బోనాల భోజనానికి పిలిచింది. ఆంటీ వెళ్లారు. అమ్మవారికి పెట్టిన అన్నమని విస్తరి ముందు నుంచి లేచి, మీ ఇంటి కూడు నాకొద్దని చుట్టాలందరి ముందూ అనేశారు. తినకపోవడం వరకే అయితే ఆ అక్క ఊరుకునేదేమో. ఆ మాటకే మనసు విరిగిపోయింది.

అక్క మనసు మార్చు ప్రభువా అని తొమ్మిదేళ్లు ఉపవాసం ఉన్నారు ఆంటీ.

ఒక శుక్రవారం ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. తర్వాత లేచి ముఖం కడుక్కుని చీర సర్దుకున్నారు.

"మాటన్నది నేను. మారాల్సింది ఆమెనా? జర నా తోడు రా బిడ్డా."

మధ్యాహ్నం ఎండ. నడిచే వెళ్లాం. గల్లీ మొదట్లో ఆవిడ కాళ్లు ఆగిపోయాయి. నా చెయ్యి పట్టుకున్నారు.

యాదమ్మ గారు తలుపు తీశారు. చెల్లెల్ని చూశారు.

"ఎండల వచ్చినవ్. తిన్నవా?"

ఆంటీ తల అడ్డంగా ఊపారు. ఉపవాసమని చెప్పలేదు.

కంచంలో అన్నం, పచ్చిపులుసు, దొండకాయ వేపుడు వచ్చాయి. గోడ గడియారంలో టైమ్ మూడు. ఆంటీ అన్నం కలుపుతూ, ఆనాడు నేనన్న మాట తప్పు అక్కా అన్నారు. యాదమ్మ గారు ఇంకో గరిటె పులుసు పోశారు.

ఆంటీ కంచంలో ఒక్క మెతుకు మిగల్చలేదు.

తిరిగి వస్తూ ఆగలేక అడిగాను. ఆంటీ, ఇంకా ఆరు కాలేదుగా అని.

"తొమ్మిదేండ్లు ప్రభువును ఇదే అడిగిన. పెట్టినంక తినకపోతెట్ల?"

ఆ తర్వాత యాదమ్మ గారేమీ చర్చికి రాలేదు. ఆంటీ కూడా రమ్మని అడగలేదు. కిడ్నీలు పాడైనప్పుడు మాత్రం అక్కే వచ్చి తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. చివరి ఏడు నెలలూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

డాక్టర్ ఉపవాసాలు పూర్తిగా మానేయమన్నారు. ఆ రోజు చాలా బాధపడ్డారని యాదమ్మ గారు చెప్పారు. కొన్ని వారాల తర్వాత నేను వెళ్లేసరికి హుషారుగా ఉన్నారు. టాబ్లెట్ వేసుకునే ప్రతిసారీ ఒకరి కోసం ప్రార్థన చేస్తున్నానని, రోజుకు పదకొండు టాబ్లెట్లు కాబట్టి ఇప్పుడే ఎక్కువమందికి చేయగలుగుతున్నానని అన్నారు.

ఆ పదకొండులో నాదెన్నోదని అడిగాను. అది మాత్రం చెప్పలేదు.

నిన్న సాయంత్రం సమాధి కార్యక్రమం జరిగింది. చర్చివాళ్లు పాటలు పాడుతుంటే యాదమ్మ గారు చెల్లెలి పాదాల దగ్గర కూర్చున్నారు. పాటలు ఆవిడకు రావు. అయినా చివరి దాకా లేవలేదు. మళ్లీ లేస్తుందని మీవాళ్లంటున్నరు, నిజమేనా బిడ్డా అని నన్నడిగారు.

నిజమే పెద్దమ్మా అన్నాను. అంత గట్టిగా ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

వెళ్లి రండి ఆంటీ. ప్రభువు మీకు తన దగ్గర చల్లని విశ్రాంతి ఇవ్వాలి, ఇక్కడ మీ అక్కకు ధైర్యం ఇవ్వాలి.