ఒకే చెరువుకు రెండు నివేదికలు

మా నీటిపారుదల శాఖలో ఈ కథ చెప్పేవాళ్లంతా "మేడమ్‌కి కంప్యూటరంటే గిట్టదు, అందుకే ఏఐని దొంగను పట్టించినట్టు పట్టించింది" అంటారు. శుద్ధ అబద్ధం. ఆ రెండు రోజుల్లో ఏఐతో అందరికన్నా తిక్క పని చేయించుకున్నది నేనే.

నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ చేయడానికి ముందు ఏడాది, ఏప్రిల్ నెల. కృష్ణా డెల్టాలో ఒక కాలువల సబ్‌డివిజన్‌కు డీఈని. డీఈ అంటే డిప్యూటీ ఇంజనీరు; కింద ఏఈలనే అసిస్టెంట్ ఇంజనీర్లు, పైన విజయవాడలో ఈఈ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మధ్యలో నలిగేది మేము. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. ఆలోపు ఊళ్లలో మంచినీటి చెరువులన్నీ నింపాలి. మళ్లీ కాలువ వదిలేదాకా జనం తాగేది ఆ నీళ్లే. అందుకని ప్రతి చెరువునూ ఏఈ స్వయంగా చూసి నివేదిక పంపాలి, నేను సంతకం చేయాలి, ఆపైన ఈఈగారు కాలువ కట్టేయమని ఉత్తర్వు ఇవ్వాలి.

మా ఏఈ సందీప్ చురుకైనవాడే. సముద్రం దగ్గరి ఒక శివారు ఊరి చెరువు మీద అతను పంపిన నివేదిక అద్దంలా ఉంది. పైన లాకుల దగ్గర వదిలిన నీరెంత, చెరువు పట్టేదెంత, అన్నీ లెక్కగట్టి "కావున చెరువు పూర్తిగా నిండినది" అని ముగించాడు. అదే నాకు నచ్చలేదు. శివారుకు వెళ్లొచ్చినవాడు కాలువను కమ్మేసి నీళ్లకు అడ్డం పడే గుర్రపుడెక్క మీదో, దారిలో కాలువకు మోటార్లు పెట్టి తోడేసేవాళ్ల మీదో ఒక్క వాక్యమైనా విసుక్కోకుండా ఉంటాడా?

పిలిచి, "ఊరికి వెళ్లావా నాయనా?" అన్నాను.

"డేటా అంతా ఇచ్చి ఏఐతో రాయించానండి. లెక్క కరెక్టేనండి."

"నేనడిగింది లెక్క గురించి కాదు, చెరువు గురించి."

తల గోక్కున్నాడు. తిట్టొచ్చు. కానీ తిడితే ఆ ఒక్కడికే పాఠం. అతని కంప్యూటర్ ముందే కూర్చుని, అవే అంకెలిచ్చి, ఆ చెరువులోకి చుక్క నీరు చేరలేదని వాదిస్తూ నివేదిక రాయమన్నాను. ఏఐ ఏమాత్రం మొహమాటపడలేదు. గట్ల లీకులు, ఎండకు ఆవిరి, దారిలో తోడేసిన మోటార్లు... అంతే దర్జాగా "కావున చెరువుకు నీరు చేరలేదు" అని తేల్చేసింది.

మర్నాడు విజయవాడలో సమీక్ష. మొదటి నివేదిక ఈఈగారికి ఇచ్చాను. "చాలా స్పష్టంగా ఉందమ్మా" అన్నారు. బల్ల చుట్టూ తలలూగాయి. టీ తాగాక రెండోది ఇచ్చి, "సవరించిన ప్రతండీ" అన్నాను. కళ్లజోడు సర్దుకుని చదివారు. "ఇది ఇంకా బాగుంది. కారణాలు కూడా ఇచ్చారు." అవే తలలు మళ్లీ ఊగాయి.

అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టాను. "వీటిలో ఏది నిజమండీ?"

పక్క సబ్‌డివిజన్ డీఈ, "రెండూ లాజికల్‌గానే ఉన్నాయి మేడమ్" అన్నాడు.

"ఆ ఊళ్లో బిందెల్లో పట్టుకునేది లాజిక్ కాదు సార్."

ఈఈగారికి కోపం వచ్చింది. "ఏంటమ్మా ఈ ఆటలు? రేపు కాలువ కట్టేయాలి!"

"అందుకే ఇవాళ ఆడానండీ."

మధ్యాహ్నం ఆయన జీపులోనే, సందీప్‌ని కూడా ఎక్కించుకుని, ముగ్గురం ఆ ఊరికి బయల్దేరాం. సందీప్ దారంతా కిటికీలోంచి బయటికే చూశాడు. చెరువు గట్టు మీద సర్పంచ్ మరియమ్మగారు ఎదురొచ్చారు. మీ చెరువు నిండిందని రిపోర్టు వచ్చిందే అని ఈఈగారు నసిగారు.

"అలాగా అండీ? ఆ రిపోర్టు ఇలా ఇవ్వండి, పిండుకుంటాం. బిందెడన్నా వస్తాయేమో!"

చెరువు సగానికి ఉంది. నిండూ కాదు, ఎండూ కాదు. సందీప్ నా పక్కకు చేరి మెల్లగా, "మేడమ్, అయితే మీ రిపోర్టూ తప్పేగా" అన్నాడు.

"తప్పేనయ్యా. నేను మాత్రం చూసి రాయించానా?"

ఆ చెరువు నిండేదాకా ఆ కాలువ కట్టొద్దని ఈఈగారు గట్టు మీదినుంచే ఫోన్ చేసి చెప్పారు. నిండిందో లేదో ఈసారి సందీపే వెళ్లి చూసొచ్చాడు. ఆ నివేదికలో గుర్రపుడెక్క మీద ఒక పేరా ఉంది.

వెనకటి రోజుల్లో చూడకుండా రాసిన నివేదిక నత్తినత్తిగా ఉండేది, చదవగానే దొరికిపోయేది. ఇప్పుడు చూసినవాడి రాతకన్నా చూడనివాడి రాతే నున్నగా ఉంటోంది. కాబట్టి సంతకం పెట్టేవాళ్లు అడగాల్సింది బాగుందా అని కాదు, ఎవరు చూశారు అని. నేను నేర్చుకున్నది ఇంతే.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. ఈఈగారినీ, సందీప్‌నూ అడిగాను, ఇద్దరూ మాట మార్చారు. ఆ రోజు అదృష్టం కొద్దీ చెరువు నిండుగానే ఉండి ఉంటే, ఎవరూ చూడకుండా పుట్టిన ఆ మొదటి నివేదికను నిజమనాలా, ఏమనాలి?