రోజుకు మూడుసార్లు

ఫూల్‌వతికి గోంగూర విత్తనాలు ఇచ్చింది నేనే. నోయిడా వైపు యమున ఒడ్డున ఆమెది కౌలు మడి. బదాయూఁ నుంచి కోడలిగా వచ్చిన మనిషి, భర్త పోయాక కూడా ఆ ఇసుక నేలను వదల్లేదు. పాలకూర, ముల్లంగి వేసుకునేది. ఆరేళ్ల కిందట నా మాట విని పావు మడి గోంగూరకిచ్చింది. మరుసటి ఏడు సగం.

ప్రతి ఆదివారం పొద్దున్నే సాకేత్‌లో మా అపార్టుమెంట్ల గేటు దగ్గర గోనెపట్టా పరిచేది. "గోంగురా! ఆంధ్రా వాలా గోంగురా!" అని అరిచేది. ఆమెకు వచ్చిన తెలుగు ఆ ఒక్క మాటే. చుట్టుపక్కల తెలుగువాళ్లందరం అక్కడ చేరేవాళ్లం.

ఈ వానాకాలం ఎవరో మా వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. యమున ఒడ్డు ఆకుకూరలన్నీ విషమేనట. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో అందులో లేదు. ఆ ఆదివారం మూడో అంతస్తు కమల ఒక కట్ట తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ కింద పెట్టింది. పాతికేళ్లుగా ఇక్కడున్నా కమల హిందీ ఇంకా తణుకు దాటలేదు.

"దవా డాల్‌తీ క్యా?" అనడిగింది. మందు కొడతావా అని ఆమె ఉద్దేశం.

ఫూల్‌వతి ముఖం విప్పారింది. "హాఁ దీదీ. దిన్ మే తీన్ బార్."

"రోజుకు మూడుసార్లా!"

"డాక్టర్ నే బోలా హై."

కమల నావైపు తిరిగింది. "విన్నారా అంకుల్? మందు కొట్టడానికి ఈవిడకో డాక్టరు కూడానట!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆకుకూరకు రోజుకు మూడుసార్లు మందు కొట్టేవాళ్లుంటారా అన్న అనుమానం రాకపోలేదు. అడగలేదు. చేతిలో ఉన్న కట్ట పట్టా మీద పెట్టేశాను. నన్ను చూసి మిగతావాళ్లూ పెట్టేశారు. మధ్యాహ్నానికి గ్రూపులో వచ్చింది: 'గోంగూర ఆవిడ స్వయంగా ఒప్పుకుంది.'

తర్వాత రెండు ఆదివారాలు తెచ్చినవి తెచ్చినట్టే మోసుకెళ్లింది. మూడో వారం రాలేదు. పాలకూరైతే ఏ మండీలోనైనా పోతుంది. మేం కొనకపోతే గోంగూర ఎవరికి పోతుంది? నాలుగో వారం కమలకు చెప్పి నేనే వెళ్లాను.

చేను నడుమెత్తు పెరిగి, ముదిరి, పూతకొచ్చింది. సగం దున్నేసి ఉంది. మిగిలిన సగంలో గేదె నిలబడి మేస్తోంది. ఫూల్‌వతి గట్టు మీద కూర్చుని ఉంది. పిలిస్తే తల మొత్తం పక్కకు తిప్పి, పక్షి చూసినట్టు చూసింది.

"బాబూజీ! ఆప్?"

"పంటకేం కొడుతున్నావు? నిజం చెప్పు," అన్నాను హిందీలోనే.

"పేడ, బూడిద. పురుగు పడితే వేపాకు నీళ్లు. ఎందుకడుగుతున్నారు?"

"మరి దీదీతో రోజుకు మూడుసార్లు దవా అన్నావు?"

"అది కంటికి కదా బాబూజీ!" కొంగు ముడి విప్పి చిన్న చుక్కల సీసా చూపించింది. "ఆ రోజు కన్ను ఎర్రగా ఉంది. దీదీ అది చూసే అడిగిందనుకున్నా. ఇన్నేళ్లలో నా ఒంటి సంగతి అడిగింది ఆమె ఒక్కతే."

వాళ్లకు రెండూ దవాయే. మనకు మాత్రం? కంటికీ మందే, పురుగుకీ మందే.

సీసా దాదాపు నిండుగా ఉంది.

"ఇదేమిటి, వాడలేదా?"

"మానేశాను. నువ్వు దవా వేస్తావట, అందుకే ఎవరూ కొనడం లేదని గేటు దగ్గర గార్డు చెప్పాడు. మందంటిన చేత్తో ఆకు కోస్తానని మీవాళ్లకు అసహ్యం కాబోలనుకున్నా. అబద్ధమాడి అమ్మలేను కదా. ఇప్పుడు అడగమనండి, వేయడం లేదని ఒట్టేసి చెబుతా."

అప్పుడు చూశాను. కుడి కంటి నల్లగుడ్డు మీద మీగడ కట్టినట్టు తెల్లటి పొర. ఎడమ కన్ను మూసుకోమని, మూడు వేళ్లు చూపించాను.

"చూపించండి మరి," అంది.

ఫోన్ మోగింది. కమల. "ఏమంది అంకుల్? మందు మానేసిందా?"

"మానేసిందమ్మా, కానీ..."

"హమ్మయ్య! అయితే నాలుగు కట్టలు పట్రండి. మా దీపు పప్పులో గోంగూర లేదని ఒకటే గొడవ." మిగతాది చెప్పేలోగా పెట్టేసింది.

ఫూల్‌వతిని ఆటో ఎక్కించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. పరీక్ష చేయడానికి డాక్టరు చుక్కలు వేయబోతే ఫూల్‌వతి చప్పున తల తిప్పేసుకుంది.

"ముందు దీదీని అడగండి," అంది.