రైలు దిగిన మేడం

మిర్యాలగూడ స్టేషన్‌లో గాలి ఇటు తిరిగిందంటే, మిల్లుల్లో ఉడికే వడ్ల వాసన ప్లాట్‌ఫాం అంతా కమ్ముకుంటుంది. ఈ ఉదయం రాజమండ్రి రైలు కోసం నిలబడితే అదే వాసన. చేతిలో మూత సొట్టబోయిన పాత ఫ్లాస్కు. ఎస్తేరు మేడం పక్కనే ఉన్నట్టనిపించి, అంత జనంలోనూ కళ్ళు తడిశాయి.

మేడం నా మొదటి హెడ్‌మిస్ట్రెస్. సొంతూరు కోదాడ. మాట మెత్తన, పని దగ్గర మాత్రం ఎవరినీ వదిలేది కాదు. నాది సూర్యాపేట. మా ఊరికి రైలు లేదు, మేం బస్సు మనుషులం. కొత్తగా చేరిన నేను స్టాఫ్‌రూంలో ఓ మూల ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. అది చూసిందేమో, దసరా సెలవుల్లో రాజమండ్రికి తోడు రమ్మంది. ట్రైనింగ్ నాటి స్నేహితురాళ్ళు విజయ, సుగుణ అక్కడే ఉంటారట. సుగుణమ్మ ఆ సాయంత్రమే బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది, ఇక అక్కడే ఉండిపోతుందట. ముగ్గురూ కలిసి భోంచేయాలని మేడం ఆశ. సుగుణమ్మకు ఇవ్వడానికి ఓ నేత చీర సంచిలో పెట్టుకుంది.

విజయవాడలో రైలు ఆగగానే టీ కోసం దిగాను. మా బస్సుల్లో హోటల్ దగ్గర ఆపితే డ్రైవర్ హారన్ కొడతాడు, కండక్టర్ తలలు లెక్కపెడతాడు. రైలూ అంతేనన్న ధీమాతో, కప్పు ఊదుకుంటూ తాగుతున్నాను. తలెత్తేసరికి రైలు కదులుతోంది. తలుపు దగ్గర నుంచి మేడం పిలిచింది. నేను అలాగే నిలబడిపోయేసరికి, చంకలో ఫ్లాస్కుతో ఆమే దిగేసింది. దిగుతూ తూలింది, ఫ్లాస్కు జారి కిందపడింది. ఆ సొట్ట అప్పటిదే.

"మీరెందుకు దిగిండ్రు మేడం? సుగుణమ్మ మీకోసం ఎదురుచూస్తుంటది గద," అని ఏడ్చాను.

"కొత్త ఊళ్ళో నిన్నొక్కదాన్నే వదిలేసి, అక్కడ నాకు ముద్ద దిగుతుందా?" అంది.

విజయమ్మకు ఫోన్ చేస్తే, స్టేషన్‌కి వెళ్ళి సంచి దింపుకుంది. మాకంటే మా సంచే ముందు చేరింది. తర్వాతి రైలు పట్టుకుని మేం వెళ్ళేసరికి బెంగళూరు బండి బయల్దేరడానికి పది నిమిషాలుంది. మేడం, సుగుణమ్మ కిటికీ ఊచల మధ్య నుంచి చేతులు పట్టుకున్నారు. ఎందుకు ఆలస్యమైందని సుగుణమ్మ అడిగింది.

"టీ తాగాలనిపించి నేనే దిగాను. పాపం, ఈ పిల్ల నా కోసం దిగింది," అంది మేడం.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకోవడమే తప్ప కలుసుకోలేదు. విజయమ్మ మాత్రం నాకూ స్నేహితురాలైపోయింది. ప్రతి ఏడూ పూతరేకులు పంపేది. తింటున్నప్పుడల్లా నేను దొంగనన్నట్టే ఉండేది. నిరుడు మేడం పోయాక, ఇక ఉండబట్టలేక రాజమండ్రి వెళ్ళి నిజం చెప్పేశాను.

విజయమ్మ నవ్వింది, కళ్ళనీళ్ళతోనే. "ఎస్తేరు జన్మలో టీ ముట్టిందా? ఆ ఫ్లాస్కులో వేడినీళ్ళు తప్ప ఇంకోటి ఎరగదు. ఆ రోజే తెలుసు మాకు. నీ మీద మాట పడనివ్వలేదంటే, నువ్వు దానికి ఎంత కావలసినదానివో అర్థమైంది. అందుకే మేమూ అడగలేదు."

ఇప్పుడు మేడం కుర్చీలో నేనున్నాను. బడిలో ఏదైనా పొరపాటు జరిగితే, 'నేనే చూసుకోలేదు' అన్న మాట ముందుగా నా నోటికొస్తుంది. మేడం అంత చక్కగా అబద్ధం ఆడటం ఇంకా రాలేదు. ఈసారి విజయమ్మ దగ్గరికి నాతో హాలియా నుంచి కొత్తగా వచ్చిన లెక్కల టీచరు స్వప్న ఉంది. రైలెక్కడం ఆమెకిదే మొదటిసారి.

"మేడం, విజయవాడల జరసేపు ఆగుతదంట. దిగి టీ తాగొస్తనా?" అని అడిగింది.

"తాగుదాం. నేను గూడ నీతోనే దిగుత," అన్నాను.