పసుపు కింద నీలం

ఖమ్మం బైపాసు పక్కన బళ్ళకు రంగులు వేసే రేకుల షెడ్లు ఇంకా కొన్ని మిగిలాయి. ఆటోలో వాటి ముందు నుంచి పోతున్నప్పుడు థిన్నరు వాసన గుప్పున తగిలితే నేను మాట్లాడుతున్న మాట మధ్యలోనే ఆపేస్తాను. పక్కవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం అది మా నాయన చొక్కా వాసన. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఆ వాసన ఎటు నుంచి వస్తే అటు పరుగెత్తేవాళ్ళం.

టేకులపల్లిలో రోడ్డు వారగా మా షెడ్డు, దాని వెనకే మా ఇల్లు ఉండేవి. నాయన బొగ్గు లారీలకూ బస్సులకూ రంగులు వేసేవాడు. ఆయన జోడీ యాకూబ్ మామ సొట్టలు పడ్డ రేకును సుత్తితో కొట్టి సాపు చేసేవాడు. ఆ సుత్తి చప్పుడులోనే మేము ఎక్కాలు బట్టీ పట్టాం, కచ్చకాయలు ఆడాం, జ్వరాలొస్తే నిద్రపోయాం. ఎండాకాలం వస్తే అడవి మొత్తం మా వాకిట్లోకి నడిచొచ్చినట్టుండేది: తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా పోయే ఆడవాళ్ళు, ఎండబోసిన ఇప్పపూల మత్తు వాసన, ఒడిలో పోసుకుని తినే తునికిపళ్ళు, నవమి నాడు కుండలో చల్లబడే పానకం, రంజాన్‌కు యాకూబ్ మామ ఇంటి నుంచి మూత పెట్టి పంపే షీర్ ఖుర్మా. గిన్నె అడుగున మిగిలిన ఖర్జూరం ముక్క కోసం నేనూ అక్కా జుట్లు పట్టుకునేవాళ్ళం.

ఆ రోడ్డు మీద తిరిగే బళ్ళన్నిటిలోనూ మాదనుకున్నది ఒక్కటే, డాక్టరమ్మ కారు. డాక్టరమ్మ లోపలి అడవి పల్లెలకు తిరిగి వైద్యం చేసేది. మనిషి సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నేత చీరలో ఉండేది. ఆమె కారు మాత్రం పందేలకు పోయే రకం. పొడుగాటి ముక్కు, గుడ్డ టాపు, సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు, ముందు రెండే సీట్లు, వాటి వెనక పిల్లలు మాత్రమే ఇరుక్కోగల చిన్న సీటు. బొగ్గు బావుల్లో పనిచేసిన ఒక దొర దాన్ని విలాయత్ నుంచి ఓడలో తెప్పించుకుని, దేశం విడిచి పోయేటప్పుడు కలప వ్యాపారం చేసే డాక్టరమ్మ తండ్రికి అమ్మిపోయాడట. నేల మీద పాకుతున్నట్టుండే ఆ కారు బండ్లబాటలో రాళ్ళకు కొట్టుకోకుండా యాకూబ్ మామ అడుగున అదనపు పట్టీలు వేసి ఎత్తు పెంచాడు. టేకు చెట్ల సందుల్లోంచి దూరానికే కనబడాలని డాక్టరమ్మ మా నాయనతో దానికి పసుపు వేయించింది. ఆ పసుపు కనబడగానే పల్లెల్లో పిల్లలు కేకలేసేవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు గుడిసెల్లోంచి బయటికొచ్చేవాళ్ళు.

మా అక్క పద్మ ఆ కారులోనే పుట్టింది. అమ్మకు నొప్పులొచ్చిన రోజు ముసురు పట్టి ఉందట. డాక్టరమ్మ కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలో వాగు అడ్డం పొంగింది. కారు ఆగిన చోటే అక్క భూమ్మీద పడింది. అందుకే ఊళ్ళో అందరూ దాన్ని కారుపిల్ల అనేవాళ్ళు. అది ఆ పేరును కిరీటంలా పెట్టుకుని తిరిగేది. కారు షెడ్డుకొస్తే నన్ను వేలు పెట్టనిచ్చేది కాదు. "నువ్వు ఇంట్ల పుట్టినవ్. ఇంటిని ముట్టుకో పో" అనేది.

అక్క ఏడో తరగతికొచ్చిన ఎండాకాలంలో డాక్టరమ్మ మోకాళ్ళు పనిచేయడం మానేశాయి. క్లచ్ తొక్కితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పాత కార్లు బాగుచేయించి దాచుకునే ఒకాయన హైదరాబాద్ నుంచి కారు చూడ్డానికొచ్చాడు. బానెట్ ఎత్తి, ఇంజను వెనక గోడకు బిగించిన చిన్న రేకును రుమాలుతో తుడిచి, దాని మీది అక్షరాలూ అంకెలూ చదివి, పండగొచ్చినట్టు నవ్వాడు.

"ఇది పసుపు కారు కాదమ్మా, నీలం. మామూలుగా అమ్మే రంగుల్లో లేని నీలం. దొర ప్రత్యేకంగా అడిగి వేయించుకున్నాడు. ఈ చక్రాలు, వెనక సీటు, హీటరు కూడా అడిగి పెట్టించుకున్నవే" అన్నాడు.

యాకూబ్ మామ సుత్తి కింద పెట్టేశాడు. "తౌబా! మన రోహిణి ఎండల కారుకు హీటరా సాబ్? లోపల రొట్టెలు కాల్చుకుందామనుకున్నడా ఏంది?"

షెడ్డంతా నవ్వింది. అక్క నవ్వలేదు. కారును మళ్ళీ ఆ నీలానికి తెస్తేనే కొంటానని ఆయన చెప్పిన మాటే దాని చెవిలో ఉండిపోయింది.

నీలం రంగు డబ్బాలు బస్సు పార్సిల్లో వచ్చాయి. నాయన నీళ్ళలో తడిపిన ఎమెరీ కాగితంతో తను వేసిన పసుపును తనే రుద్దడం మొదలుపెట్టాడు. రుద్దిన చోటల్లా పసుపు నీళ్ళు కారి, చక్రాల కింద మట్టిలో ఇంకాయి. అక్క గడప మీద కూర్చుని అది చూస్తూ ఉండేది, నాయనతో మాట్లాడేది కాదు. ఆయనకు ఎదురుగా కంచం పెడితే లేచి అవతలి గదిలోకి పోయేది.

"ఏందే పద్మా, నా మీద గింత కోపమా? కారు నాదా? నేను వద్దంటే ఇంకెవరన్న రుద్దరా?" అన్నాడు నాయన ఒక పూట, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని.

"ఇంకెవరన్న రుద్దితే నీతో మాట్లాడుదును" అంది అక్క.

నాయన ముద్దను కంచంలో వదిలేసి లేచిపోయాడు.

ఈ సంగతి ఎవరు చెప్పారో, మర్నాడు డాక్టరమ్మ రిక్షాలో మా ఇంటికొచ్చింది. కర్ర ఆనించుకుని కారు దగ్గరికి నడిచి, ముందు సీట్లో కూర్చుని, అక్కను పక్క సీట్లోకి పిలిచింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు పుట్టిననాడు ఈ కారు ఏ రంగుల ఉందో నేను చూడనే లేదే" అంది డాక్టరమ్మ. "అద్దాల దాకా బురద. మీ నాయన బయట తడుసుకుంట టాపు చిరుగు మీద గొంగడి పట్టుకుని నిలబడ్డడు. నువ్వేమో ఏడుస్తలేవు. ఒళ్ళు సల్లగ, నీలంగ ఉన్నవ్. మీ అమ్మ రొమ్ము మీద పెట్టి, చీర కప్పి, గిదిగో, ఈ మీట తిప్పిన." సీటు ముందున్న చిన్న గుండ్రటి మీట మీద వేలు పెట్టింది. "ఈ కారు మా ఇంటికొచ్చినంక హీటరు వేసింది ఆ ఒక్కనాడే. కొంచెం సేపటికి నువ్వు గట్టిగ ఏడ్చినవ్. మీ నాయన బయట నిలబడి ఏడ్చిండు."

అక్క కూడా ఆ మీట మీద వేలు పెట్టింది. "నాయన ఏడ్చిండా?" అంది.

"అడుగు, చెప్తడో లేదో."

అది అడగలేదు. లేచి నాయన దగ్గరికి పోయి, నీళ్ళ డబ్బాలోంచి ఇంకో ఎమెరీ కాగితం తీసుకుని, ఆయన పక్కనే కూర్చుని తలుపు రుద్దడం మొదలుపెట్టింది. నాయన "మెల్లగ, గీతలు పడతయ్" అన్నాడు. ఆ సాయంత్రం నాయన, అక్క, నేను ముగ్గురం ఒకే కంచంలో తిన్నాం. వాళ్ళిద్దరి వేళ్ళ సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

నీలం వేసి, ఆరి, తెల్లమైనం పట్టించాక కారు కొత్తపెళ్ళికూతురిలా ఉంది. వర్షానికి ముందు మొగులు కింద అడవి మీద పరుచుకునే నీలం లాంటిది ఆ రంగు. లారీ వచ్చి తీసుకుపోయే ముందు రోజు డాక్టరమ్మ మోకాళ్ళకు గుడ్డలు కట్టుకుని తానే నడిపింది. అక్క ముందు సీట్లో, నేను వెనక చిన్న సీట్లో కూర్చున్నాం. అడవి పల్లెలన్నీ ఒకసారి చూసొద్దామంది.

మొదటి పల్లెలో పిల్లలెవరూ కేకలేయలేదు. ఎవరి కారో అనుకుని చింతచెట్టు నీడలోంచి అట్లాగే చూస్తూ ఉండిపోయారు. డాక్టరమ్మ కారాపి దిగలేక దిగింది. ముత్తమ్మ అనే ముసలామె పొయ్యి దగ్గర నుంచి లేచి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గరకొచ్చింది.

"నువ్వేనా అమ్మా? పసుపు బండేమాయె?"

"గదే బండి ముత్తమ్మా. పై చీర విప్పితే లోపల గిది ఉంది."

ముత్తమ్మ అరచేత్తో నీలాన్ని నిమిరింది. "మంచిగుంది. మరి ఇగ రావా?"

డాక్టరమ్మ మోకాలి కట్టు మీద చెయ్యి వేసింది. "మోకాళ్ళు రానిస్తలేవే" అంది. ముత్తమ్మ లోపలికి పోయి, దోసిలి నిండా తునికిపళ్ళు తెచ్చి ముందు సీట్లో పోసింది. తిరుగుదారిలో ఎవరమూ వాటిని తినలేదు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. రోడ్డు వెడల్పులో పోయింది. డాక్టరమ్మ, నాయన, యాకూబ్ మామ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. ఇప్పపూలు ఎండబోసే వాకిళ్ళ మీద సిమెంటు పడింది. పల్లెలకు అంబులెన్సు ఫోను చేస్తే వస్తుంది. అది మంచిదే, దానికెవరూ ఎదురు పరుగెత్తాల్సిన పని లేదు. అక్క ఎర్రుపాలెంలో ఉంటోంది. పోయిన ఎండాకాలం వాళ్ళింటికి రంగులు వేయించుకుంటూ నన్ను రంగుల కొట్టుకు తోడు తీసుకుపోయింది. అక్కడ నంబరు చెప్తే చాలు, మిషనే రంగు కలిపి డబ్బాలో పోస్తుంది. ఆ నీలం కూడా అంతే. రేకు మీది అక్షరాలు తెలిసినవాళ్ళు దాన్ని ఏ దేశంలోనైనా మళ్ళీ కలుపుకోవచ్చు. నాయన పసుపుకు మాత్రం నంబరు లేదు. లారీల పసుపులో ఇంత ఎరుపు, ఇంత తెలుపు, ఇంకేదో చెంచాడు పోసి, పుల్లతో తిప్పి, వెలుతురులోకి ఎత్తి చూసుకుని చాలనుకున్నాడు.

అక్క షేడు కార్డులో పసుపు పేజీలు ఒక్కొక్కటీ తిప్పింది. కొన్ని దగ్గర వేలు ఆపింది, మళ్ళీ తీసింది. కొట్టు అబ్బాయి విసుక్కోకుండా నిలబడ్డాడు.

"ఇది కాదు. ఇదీ కాదు" అంటూ చివరికి నా వైపు తిరిగింది. "నీకు గుర్తుందానే, ఎట్లుండేదో?"

నేను కళ్ళు మూసుకుని ఎంతసేపు వెతికినా నాకు నీలమే కనబడింది.