పక్కింటావిడ పసుపుపచ్చ చీర

పోయిన ఆదివారం మా మనవరాలు అలమారలోంచి వాళ్లమ్మ పెళ్లి ఆల్బమ్ లాగి, సోఫా మీద బోర్లా పడుకుని పేజీలు తిప్పుతోంది. ఒకచోట ఆగి, "అమ్మమ్మా, ఎల్లో ఆంటీ" అని వేలు పెట్టింది. పసుపుపచ్చ పట్టుచీరలో మా పక్కింటావిడ. ఆ ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇంత వయసొచ్చాక ఇదేం బుద్ధి అనుకోకండి, సంగతి వింటే మీకూ మండుతుంది.

ఆవిడ నల్లజాతి మనిషి, రిటైరైన నర్సు, నాకంటే బాగా నలుపు. నేనేమీ తక్కువ తినలేదు. మా అమ్మ నా ఒంటికి రుద్దిన సున్నిపిండి బస్తాల్లో ఉంటుంది. చూడవచ్చిన చుట్టాలందరూ నాది కళగల ముఖం అనేవారు. తెల్లగా ఉండే మా అక్కని ఎవరూ ఆ మాట అనలేదు, అనాల్సిన అవసరం పడలేదు.

మా అమ్మాయి పెళ్లికి చీరలు కొనడానికి, మన దేశపు షాపులన్నీ వరసగా ఉండే ఐసెలిన్ వెళ్తూ పక్కింటావిడనీ తీసుకెళ్లాను. షాపులో చీరలు చూపించే అమ్మాయి నన్ను చూడగానే, అడక్కుండానే గంధం రంగు, లేత గులాబీ, మీగడ రంగు చీరలు పరిచింది. మీ కలర్‌కి లైట్ షేడ్సే బాగుంటాయి ఆంటీ అంది. నా మనసంతా పైన వేలాడుతున్న ఎర్రంచు పసుపుపచ్చ పట్టుచీర మీద ఉంది. దింపమనడానికి నోరు రాలేదు. పక్కింటావిడ గుమ్మంలోంచే దానికేసి వేలు చూపించింది. భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడితే ఆవిడ కోసమే నేసినట్టుంది. బాగుందన్నాను, అనక తప్పలేదు. నేను మీగడ రంగుది కొనుక్కుని, ఇంటికొచ్చేదాకా కార్‌లో హారన్ మోగిస్తూనే ఉన్నాను. ఏమైందని అడిగితే ట్రాఫిక్ అన్నాను.

పెళ్లయిన కొన్నాళ్లకి ఫొటోగ్రాఫర్ ఫొటోలు పంపాడు. మన తెలుగాయనే. పెళ్లికొచ్చిన ప్రతి ముఖాన్నీ తెల్లగా చేసి ఇవ్వడం ఆయన మర్యాద. సున్నిపిండితో రానిది కంప్యూటర్‌తో వచ్చేసిందని మురిసిపోయి, ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కింటికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చీర నాదే. ఈ మనిషెవరు?" అంది. నవ్వలేదు.

ఆ తర్వాత కాఫీ కలుపుతూ చెప్పింది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ ఆవిడని ఎండలోకి వెళ్లనిచ్చేది కాదట. ఫొటో తీసేటప్పుడు చాయ ఉన్న చెల్లెల్ని ముందుకీ, ఆవిడని వెనక్కీ నిలబెట్టేవారట. పెళ్లయ్యాక కూడా బుగ్గలు మండే క్రీమ్ ఏదో రాసుకునేదట. ఒకరోజు ఆవిడ కూతురు, అచ్చు తల్లి రంగే, ఆ క్రీమ్ తీసి మోకాళ్లకి రాసుకుంటూ కనిపించిందట. ట్యూబు చెత్తబుట్టలో పడేసి, ఆ మధ్యాహ్నమే వెళ్లి పసుపుపచ్చ గౌను కొనుక్కుందట. వింటుంటే జాలి కలగాలి కదా, నాకు అసూయే కలిగింది. ఆవిడా నాలాంటి ఇంట్లోనే పెరిగింది. మరి ఆవిడ ఎలా బయటపడింది, నేనెందుకు పడలేదు?

"నా ముఖం నాకు ఇచ్చేయమని చెప్పు అతనికి," అంది చివరికి.

అక్కడి నుంచే ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశాను. ఫ్రీగానే బ్రైట్ చేశాను కదండీ, నచ్చలేదా అని ఆయన తెగ ఆశ్చర్యపోయాడు. ఆవిడది మార్చేస్తానన్నాడు.

"మీది కూడా మార్చమంటారా మేడమ్?"

ఆవిడ నాకేసే చూస్తోంది. ఎదురుగా స్క్రీన్ మీద నేను పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేనంత తెల్లగా ఉన్నాను.

"నాది ఉండనివ్వండి," అన్నాను.

ఆవిడకి తెలుగు రాదు కనక బతికిపోయాను.

మనవరాలి వేలు ఎల్లో ఆంటీ మీంచి పక్కకి జరిగింది. అక్కడ మీగడ రంగు చీరలో, ఇంచుమించు అదే రంగు ముఖంతో నేను. పిల్ల ఓసారి నన్నూ, ఓసారి ఫొటోనీ చూసింది.

"ఇది ఎవరు, అమ్మమ్మా?"

పెళ్లికొచ్చిన వాళ్లెవరో అన్నాను. కాలం గడిచేకొద్దీ ఫొటోలు వెలిసిపోతాయంటారు. ఆవిడ మాత్రం ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది, నేనే కాలం రాకముందే వెలిసిపోయి పక్కన కూర్చున్నాను.